మంఖాల్ పెళ్లికి వెళ్లిన తిజోరి

ఆ రోజుల్లో శంషాబాద్ అంటే విమానాలు కావు, కోళ్లు. ఇప్పుడు ఎయిర్‌పోర్టు దీపాలు వెలిగే చోట అప్పుడు జొన్నచేలూ ద్రాక్షతోటలూ, వాటి మధ్య పొడవాటి కోళ్లఫారాలూ ఉండేవి. గాలి అటునుంచి మళ్లిందంటే ఊరంతా దాణా వాసన. ఆ వాసనకు మూలమైన దాణా కంపెనీలోనే నాకు కొత్తగా గుమాస్తా ఉద్యోగం దొరికింది. ఉద్యోగం చిన్నదే. కానీ కొత్తగా సంపాదన మొదలుపెట్టిన కుర్రవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది చూడండి, ఇంట్లో పెద్దవాళ్లు ఇన్నేళ్లుగా చేస్తున్న పనులన్నీ తెలివితక్కువగా కనిపించే జబ్బు, అది నాకు కాస్త ఎక్కువగానే పట్టుకుంది. (మా నాయన దాన్ని "జీతం జ్వరం" అనేవాడు. దవాఖానలో కాంపౌండర్ కాబట్టి జ్వరాలకు పేర్లు పెట్టే హక్కు తనకుందని ఆయన నమ్మకం.) ఆ జ్వరం తీవ్రంగా ఉన్న రోజుల్లోనే నేను ఒక పాత ఇనప తిజోరి కొన్నాను.

కొనడానికి కారణం దొంగలు. ఆ ఏడు వానాకాలంలో రోడ్డు పక్క ఊళ్లన్నిటా ఒకటే పుకారు. జాంగీలు మాత్రం వేసుకుని, పట్టుకుంటే జారిపోయేలా ఒంటినిండా నూనె పట్టించుకుని వస్తారట. వాళ్లను చూసినవాళ్లు ఎవరూ లేరు కానీ, చూసినవాళ్లతో మాట్లాడినవాళ్లు మాత్రం ప్రతి గల్లీలోనూ ఉన్నారు. కొత్వాల్‌గూడలో ఎవరింట్లోనో బియ్యం డబ్బాతో సహా ఎత్తుకుపోయారన్న మాట చెవిన పడగానే నేను వంటింట్లోకి పరిగెత్తాను. ఎందుకంటే మా అమ్మ బంగారమంతా బియ్యం డబ్బాలోనే ఉండేది. అంతా అంటే ఏదో అనుకునేరు, ఒక సన్న గొలుసు, కమ్మలు, మా నాయనమ్మ ఇచ్చిన ఒక ఉంగరం. వండడానికి బియ్యం తీసినప్పుడల్లా ఉంగరం సోలలోకి రావడం, అమ్మ దాన్ని మళ్లీ లోపలికి తోసేయడం మా ఇంట్లో రోజూ ఉండే ముచ్చటే.

"దేవుడు కాపాడుతడు తియ్యిరా" అంది అమ్మ. మాది క్రైస్తవ కుటుంబం. అమ్మ ప్రార్థన చేసి ఒక విషయం దేవుడికి అప్పజెప్పిందంటే ఇక దానిమీద అప్పీలు లేదు. "కాపాడుతడమ్మా, కాదంటలేను. కానీ జర తాళం గిట్ల ఉంటే ఆయనకు గూడ సులువైతది గద" అన్నాను. నాయన పేపరు కిందికి దించి నన్ను ఒకసారి చూసి, మళ్లీ పైకెత్తుకున్నాడు.

పాతబస్తీలో పాత సామాన్ల దుకాణంలో దొరికింది ఆ తిజోరి. నా నడుమెత్తు ఉంది. ఆకుపచ్చ రంగు, ఇత్తడి పిడి, తాళం కన్నం మీద వాలిపోయే చిన్న ఇత్తడి రేకు. తాళంచెవి నా అరచేయంత పొడవు. "చూడు సాబ్, ఇది పెట్టె గాదు, ఖిల్లా. బట్టల దుకాణం సేఠ్ జిందగీ అంత వాడిండు. సేఠ్ పోయిండు, దుకాణం పోయింది, దీనికి గీత గూడ పడలే" అన్నాడు దుకాణదారు. నేను ఏదో తెలిసినవాడిలా చుట్టూ తిరిగి, గట్టిదనం చూద్దామని కాలితో ఒక్కటి తన్నాను. బొటనవేలు చాలా రోజులు నల్లగా ఉండింది. అదొక్కటి చాలు, సరుకు మంచిదని తేల్చేసుకున్నాను. (ధర ఎంతో ఇక్కడ కూడా చెప్పను. అమ్మకు చెప్పింది అందులో సగం, ఆమె ఇంకా అదే నమ్ముతోంది.)

ట్రాలీ ఆటోలో ఇంటికి తెచ్చి, గల్లీలో మగవాళ్లందరినీ బతిమాలి లోపలికి చేర్పించాను. దించిన క్షణంలో కింద షాబాద్ బండ ఫట్టుమని పగిలింది. నాయన ఆ పగులును కళ్లజోడు పెట్టుకుని మరీ పరీక్షించి, "దొంగలు రావాల్సిన పని లేదురా. ఇగ ఇల్లే భూమిలకు పోతది" అన్నాడు. నేను పట్టించుకోలేదు. అమ్మ బంగారాన్ని చేతిరుమాలులో చుట్టి లోపల పెట్టి, తాళంచెవిని ఒక గొలుసుకు వేసి, మెడలో చొక్కా లోపల వేలాడదీసుకున్నాను. చలికాలం పొద్దున్నే అది ఛాతీకి తగిలితే ప్రాణం పోయేది. అయినా దాణా బస్తాల మధ్య కూర్చుని పని చేసుకుంటూ ఆ చల్లదనం తగిలినప్పుడల్లా నేనేదో పెద్దమనిషినైనట్టు, నా మీద ఏదో ఆధారపడి ఉన్నట్టు మహా తృప్తిగా ఉండేది.

నిజంగానే ఆధారపడే రోజు తొందరగానే వచ్చింది. మా పక్కింట్లో ఒక పెద్దమ్మ ఉండేది. వరుసకు ఏమీ కాదు, వాళ్లు ఊళ్లో పాతుకుపోయిన రైతులు. కానీ నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఆమె పెద్దమ్మే. అమ్మకు ఆమె "అక్క", ఆమెకు అమ్మ "చెల్లె". నేను మాత్రం ఆమెకు గడప పెద్దమ్మ అని చాటుగా పేరు పెట్టుకున్నాను. ఎందుకంటే ఆమె చేతిలో పసుపు ఎప్పుడూ తడిగానే ఉండేది, ఆ చేతికి గడప, రోలు, చేట, ట్రాక్టరు టైరు ఏది అందితే అది పచ్చబడిపోయేది. (నా కొత్త సైకిలు పంపుక్కూడా ఒకసారి బొట్టు పెట్టింది.) ఆమె కొడుకు ట్రాక్టరన్న. అతనికి తన ట్రాక్టరు మీద ఉన్నంత ప్రేమ మరి దేనిమీదా లేదని అందరూ అనుకుంటుండగా మంఖాల్ ఊరి సంబంధం కుదిరింది.

దసరా ముందు ఒక సాయంత్రం పెద్దమ్మ కొంగు చాటున ఒక ఎర్రగుడ్డ మూట పట్టుకొచ్చింది. "బిడ్డా, పుస్తెమట్టెలు చేపిచ్చిన. ఇంట్ల పెట్టుకుంటే కంటికి నిద్ర వస్తలేదు. దొంగలు దొంగలు అంటున్నరు గద. జర నీ తిజోరిల పెట్టుకుంటవా?" అంది. నేను పిడి తిప్పి తలుపు తెరిచాను. ఆ తలుపు తెరిచే తీరు చూసుంటే మీరు నవ్వేవారు. "పెద్దమ్మా, నువ్వు పరేషాన్ గాకు. పెండ్లినాడు పొద్దున రా. నిమిషంల తీసిస్త" అన్నాను. ఆమె కళ్లకద్దుకుని మూట ఇచ్చింది. అదే సమయమని అమ్మ కూడా గట్టిగా మూత బిగించిన బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి లోపల పెట్టమంది. ఏముందందులో అంటే "నీకెందుకు" అంది. పెట్టి, తాళం వేసి, చొక్కా లోపల వేసుకున్నాను. ఆ తరువాత మళ్లీ దాన్ని తెరిచే అవసరం రాలేదు. రోజూ తీసిపెట్టుకోవడానికి మాకు లోపల ఏముంది గనక?

పెళ్లి మార్గశిరంలో. ఆ ఏడు చలి ఎట్లా ఉందంటే, పెళ్లిరోజు పొద్దున అమ్మ తలకు రాసుకుందామంటే కొబ్బరినూనె సీసాలో తెల్లగా గడ్డకట్టి ఉంది, పొయ్యి పక్కన పెట్టి కరిగించుకుంటోంది. గల్లీలో అప్పటికే బ్యాండు వాళ్లు డప్పులు కాచుకుంటున్నారు. మంఖాల్‌లో ముహూర్తం మధ్యాహ్నం లోపే. పెళ్లివారి ట్రాక్టరు ట్రాలీ మామిడాకులతో తయారుగా ఉంది. కాళ్లకు పసుపు, కొత్త చీర కట్టుకుని పెద్దమ్మ నవ్వుతూ వచ్చి మా ముందుగదిలో నిలబడింది. "ఏది బిడ్డా, తియ్యి" అంది. నేను చొక్కా గుండీ విప్పి, గొలుసు తీసి, తాళంచెవిని రేకు కింద కన్నంలోకి పోనిచ్చాను. సగం దూరం వెళ్లి ఆగిపోయింది.

మొదట నేను నవ్వాను. బయటికి తీసి, ఊది, మళ్లీ పెట్టాను. మళ్లీ సగమే. ఎడమ చేత్తో పెట్టాను, మోకాళ్ల మీద కూర్చుని పెట్టాను, కళ్లు మూసుకుని పెట్టాను. ఆ ఇనుము లోపల ఏదో మెత్తగా అడ్డుపడి, గట్టిగా నెడితే ఇంకా గట్టిపడుతోంది. పెద్దమ్మ ముఖంలో నవ్వు ఇంకా అట్లాగే ఉంది, కానీ దాని వెనక ఆమె లేదు. "ఏమైందిరా?" అంది అమ్మ వంటింట్లోంచి. "ఏం లేదమ్మా, నిమిషం" అన్నాను. ఆ నిమిషం నా జీవితంలో ఇంకా పూర్తి కాలేదు. పుస్తెలు లేకుండా మగపెళ్లివారు ఏ ముఖంతో వెళ్తారు? ఆడపెళ్లివారి ఊరంతా పందిట్లో కూర్చుని ఉంటే, అబ్బాయి తల్లి వట్టి చేతులతో దిగి ఏం చెబుతుంది, పక్కింటి పిల్లోడి పెట్టెలో ఇరుక్కున్నాయనా? 

ట్రాక్టరన్న పరుగున వెళ్లి బస్టాండు దగ్గర తాళాలు బాగుచేసే ఉస్తాద్‌ను పట్టుకొచ్చాడు. ఉస్తాద్ గొడుగులు కూడా బాగుచేస్తాడు, అవసరమైతే పళ్లు కూడా పీకుతాడని చెప్పుకునేవారు. "నా చేతికి తెరుసుకోని తాళం ఈ జిల్లాల లేదు" అని కూర్చున్నాడు. ఒక వంకర తీగ లోపలికి దూర్చి, నాలుక బయటపెట్టి కాసేపు కెలికి బయటికి లాగాడు. తీగ చివర పచ్చటి ముద్ద. ఉస్తాద్ వాసన చూశాడు. "గిదేంది? పసుపు!" అన్నాడు.

 అందరి కళ్లూ మెల్లగా పెద్దమ్మ చేతుల మీదికి పోయాయి. ఆమె ఆ చేతుల్ని కొంగులో చుట్టుకుంది. "అది... శుక్రారం శుక్రారం వచ్చి జరంత పెట్టిన బిడ్డా" అంది ఏడుపు గొంతుతో. "లక్ష్మి ఉండే జాగ. పసుపు లేకుండ ఎట్ల ఉంచాలె? పైన పెడితే చెల్లె బాధపడ్తదేమోనని, ఆ రేకు కింద లోపలికి పెట్టి, బయట కొంగుతోని తుడిసి పోయిన." శుక్రవారాలు అమ్మ స్త్రీల ప్రార్థనకు వెళ్తుంది, నేను కంపెనీలో ఉంటాను. పెద్దమ్మ అంతా లెక్క చూసుకునే చేసింది.

ఉస్తాద్ ముద్దను మళ్లీ వేళ్ల మధ్య నలిపాడు. "ఒట్టి పసుపైతే ఎండి రాలిపోవాలె. దీంట్ల నూనె గూడ ఉన్నది. కొబ్బరినూనె" అన్నాడు. ఈసారి వంటింటి గుమ్మంలో చిన్న అలికిడి. అమ్మ చేతిలో కరుగుతున్న నూనె సీసా అట్లాగే ఉంది. "చర్చి అయ్యగారు ప్రార్థన చేసిచ్చిన నూనెరా" అంది, నా వైపు చూడకుండా. "ఆదివారం గుడి నుంచి రాంగనే జర అందుల పోసేదాన్ని. నీ తాళం మీద నాకు నమ్మకం లేక." ఆ తరువాత పెద్దమ్మ వైపు తిరిగి, "అక్కా, పచ్చగ ఉన్నదంటే ఇత్తడి పాలిష్ అనుకున్న గని నీ పసుపు అనుకోలే" అంది. పెద్దమ్మ, "నేను గూడ నూనె చూసి పిల్లోడు తుప్పు పట్టకుండ రాస్తున్నడనుకున్న చెల్లె, మంచిగ చూసుకుంటున్నడని సంబరపడ్డ" అంది.

అంటే దసరా నుంచి మార్గశిరం దాకా ఆ కన్నంలో వారం వారం ఒక పొర పసుపు, ఒక పొర నూనె పడుతూ వచ్చాయన్నమాట. ఇద్దరూ పెట్టింది దొంగలు రాకూడదనే. దొంగలు రాలేదు నిజమే, ఇప్పుడు మేము కూడా లోపలికి పోలేని స్థితి. నాకు ఒక్కసారిగా గుర్తొచ్చింది: శుక్రవారం డ్యూటీ లేక ఇంట్లో ఉండి పెద్దమ్మకు తలుపు తీసేది, ఆదివారం అమ్మ వెంట గుడి నుంచి వచ్చేది ఒకే మనిషి. "నాయనా, నీకు తెల్సా?" అన్నాను. నాయన పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాడు. "ఆమె ఎవ్వరికీ చెప్పద్దన్నది. ఈమె ఎవ్వరికీ చెప్పద్దన్నది. చెప్పలే" అన్నాడు. దవాఖానలో రోగుల రహస్యాలు కాపాడి కాపాడి ఆయనకు అదే అలవాటైపోయింది.

ఆ తరువాత జరిగినదంతా ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు. ఉస్తాద్ కిరోసిన్ పోశాడు, సుత్తితో కొట్టాడు, ఉర్దూలో తిట్టాడు. బయట బ్యాండు వాళ్లు ఒక పాట అయిపోయి రెండో పాట మొదలుపెట్టారు. ఎవరో "ఇగ పోవాలె, ముహూర్తం దాటిపోతది" అని కేకేశారు. అమ్మ ఒక మూల మోకరించి ప్రార్థన చేస్తోంది, పెద్దమ్మ ఇంకో మూల కూర్చుని తన దేవుళ్లందరినీ వరుసగా పిలుస్తోంది, నేను మధ్యలో నిలబడి తాళంచెవిని గట్టిగా పట్టుకుని ఏం చేయాలో తెలియక ఏడవడానికి సిద్ధంగా ఉన్నాను. అప్పుడు నాయన చాలా మామూలుగా అన్నాడు: "తాళం రాకపోతే తలుపు రాదు. తలుపు రాకపోతే పెట్టెనే రావాలె. ఎత్తున్రి."

అట్లా మా తిజోరి మామిడాకుల ట్రాలీలో పెళ్లికి బయల్దేరింది. కదలకుండా చుట్టూ గడ్డి మోపులు కూర్చారు. దాని ముందు ఉస్తాద్, తీగ పట్టుకుని. దాని పక్కన నేను, నేరస్థుడిలా. పెళ్లికొడుకు తన ట్రాక్టరును ఇంకొకరు నడుపుతుంటే చూడలేక, బాసికం కట్టుకున్న తలను బయటికి పెట్టి "గేరు తగ్గించు! గుంత చూస్కో!" అని దారి పొడుగునా అరుస్తూనే ఉన్నాడు. ఆ మట్టి రోడ్డు మీద ఒక్కో గుంతకు తిజోరి ఎగిరి పడుతుంటే ట్రాలీలో ఆడవాళ్లంతా "అయ్యో పుస్తెలు!" అని ఒక్క గొంతుతో అరిచేవారు. ఉస్తాద్ తీగ మాత్రం ఎగిరినప్పుడల్లా నా మోకాలికే గుచ్చుకునేది.

మంఖాల్‌లో ఎదురుకోలుకు వచ్చిన ఆడపెళ్లివారు ట్రాలీలోంచి తిజోరి దిగడం చూసి బ్యాండు ఆపేశారు. నేను భయపడ్డదానికంటే ఘోరమైంది జరిగింది. పెళ్లికూతురి మేనమామ ఒకసారి పెట్టెను, ఒకసారి పెద్దమ్మను చూసి, మీసం మీద చెయ్యి వేసుకుని ఊరంతా వినబడేలా "చూసిన్రా? మా పిల్లకు పెట్టే సొమ్ములు సంచిల పట్టక తిజోరితోనే తెచ్చిన్రు!" అన్నాడు. అంతే, ఆడవాళ్లంతా పందిరి వదిలేసి తిజోరి చుట్టూ మూగారు.  లోపల ఉన్నది ఒక ఎర్రగుడ్డ మూట అని పెద్దమ్మ ఎట్లా చెబుతుంది? తిజోరిని పందిరి బయట, అందరికీ కనబడేలా ఎండలో పెట్టించారు. ఒక ముసలామె దానికి హారతి కూడా ఇచ్చింది. నేను ఆ పక్కనే నిలబడి, భూమి పగిలి అది నిజంగానే లోపలికి పోతే బాగుండునని కోరుకున్నాను. (మా ఇంట్లో బండ పగిలినప్పుడే పోయుంటే ఇంకా బాగుండేది.)

పంతులు గడియారం చూసుకుంటున్నాడు. "పుస్తెలు తెండమ్మా, సమయం అవుతోంది" అన్నాడు ఒకసారి. చదివిన మంత్రమే మళ్లీ చదివి, "తెండమ్మా" అన్నాడు రెండోసారి. పీటల మీద పెళ్లికూతురు తల ఎత్తి చూసింది.  అప్పుడు మా అమ్మ జనాన్ని తప్పించుకుని ముందుకు వెళ్లింది. రెండు చేతులూ మెడ వెనక్కి పెట్టి, తన పుస్తెలతాడు ముడి విప్పబోయింది. దాని పుస్తె మీద చిన్న సిలువ ఉంటుంది. "అక్కా, ఇది కట్టియ్యి. సిలువ వెనుకకు తిప్పి కట్టియ్యి, ఎవ్వరికీ కనపడది. తరువాత మార్చుకుందాం" అంది. నాకు తెలిసి మా అమ్మ స్నానానికి కూడా దాన్ని తీయలేదు. పెద్దమ్మ ఒక్క ఉదుటున ఆమె రెండు చేతులూ పట్టుకుని ఆపేసింది. "నీ మెడల తియ్యకు చెల్లె! నీ మొగడు సల్లగుండాలె. నా కొడుకు పెండ్లి ఆగితే ఆగని, నీ మెడల మాత్రం తియ్యకు" అంది. ఇద్దరూ అట్లా చేతులు పట్టుకుని పందిట్లో నిలబడి ఏడ్చారు. నేను కూడా ఏడ్చాను, సిగ్గేం లేదు.

విషయమంతా అప్పుడు బయటపడింది. తిజోరి తెరుచుకోవడం లేదనీ, ఎందుకు తెరుచుకోవడం లేదో కూడా. మేనమామ మీసం దిగిపోయింది. గుసగుసలు మొదలయ్యాయి. అంతలో పెళ్లికూతురి అవ్వ, పందిరి గుంజకు ఆనుకుని కూర్చున్న పండు ముసలిది, "గింత లొల్లి ఎందుకే? పసుపుకొమ్ము లేదా? నాకు మా ఆయన కట్టింది పసుపుకొమ్మే. బంగారం ఏడికెళ్లి వస్తది ఆ కరువుల? పసుపుదారానికి కొమ్ము కట్టి ముడెయ్యున్రి" అంది. పంతులు తల ఊపాడు, శాస్త్రం ఒప్పుకుంటుందన్నాడు. పసుపుకొమ్ము కోసం ఎక్కడికీ పోనవసరం లేకపోయింది. గడప పెద్దమ్మ కొంగు ముడిలో ఎప్పుడూ ఒకటి ఉంటుంది. మా తాళాన్ని పట్టేసిన కొమ్ము కూడా బహుశా దాని తోబుట్టువే. ముహూర్తం దాటకుండా ట్రాక్టరన్న ఆ కొమ్ము కట్టాడు, బ్యాండు మోగింది, చల్లిన అక్షింతల్లో కొన్ని పందిరి బయట ఉన్న తిజోరి మీద కూడా పడ్డాయి.

భోజనాలు అయ్యేసరికి ఎండ బాగా ముదిరింది. తిజోరిని మళ్లీ ట్రాలీలో ఎక్కించాలి కదా అని పోయి దానిమీద చెయ్యి వేశాను, చుర్రుమంది. కన్నం కింద నుంచి పచ్చటి నూనె సన్నగా ధార కట్టి కారుతోంది. పొద్దున అమ్మ సీసాలో గడ్డకట్టిన నూనే, పొయ్యి పక్కన కరిగిన నూనే గుర్తొచ్చి గబగబా గొలుసు బయటికి లాగాను. తాళంచెవి పెట్టాను. వెన్నలోకి పోయినట్టు లోపలికంటా పోయింది. తిప్పాను. టక్కుమంది. పక్కనే నిద్రపోతున్న ఉస్తాద్ ఆ చప్పుడుకు లేచి, "చెప్పలే? నా చేతికి తెరుసుకోనిది లేదని!" అని కేక పెట్టాడు. ఊరంతా మళ్లీ మూగింది.

తలుపు తెరిచాను. ఇంత లావు ఇనుము వెనక ఒక ఎర్రగుడ్డ మూట, మా గొలుసూ కమ్మలూ ఉంగరం చుట్టిన చేతిరుమాలు, అమ్మ బిస్కెట్ల డబ్బా.  సొమ్ములు చూద్దామని వచ్చిన ఆడవాళ్లు నా భుజం మీదుగా తొంగిచూసి, వెనక ఇంకేమైనా ఉందేమోనని మళ్లీ చూశారు. మేనమామ ఆశ చావక "ఆ డబ్బాల?" అన్నాడు. అమ్మ ముఖం ఎర్రబడింది. నేను మూత తీశాను. నిండా జీడిపప్పు, కిస్మిస్! క్రిస్మస్ కేకు కోసం అమ్మ ముందే కొని, నాకు దొరక్కుండా నా తిజోరిలోనే, నా తాళం కిందే దాచింది. మొదట నవ్వింది కొత్త పెళ్లికూతురు. పీటల మీద అంతసేపు తల వంచుకుని కూర్చున్న పిల్ల, మెడలో పసుపుకొమ్ము ఊగేలా పగలబడి నవ్వింది. ఆమె తరువాత అవ్వ, తరువాత ఊరంతా. మేనమామ కూడా చివరికి ఒక జీడిపప్పు నోట్లో వేసుకుని మీసం సర్దుకున్నాడు. డబ్బా ఖాళీ అయ్యేదాకా అమ్మ తనే అందరి చేతుల్లో పోసింది. ఆ క్రిస్మస్‌కు మా ఇంట్లో ఉత్త బన్నులే.

ఇవన్నీ జరిగి చాలా కాలమైంది. నాయన లేడు. మేము అత్తాపూర్‌లో ఫ్లాటు తీసుకుని వచ్చేశాం, తిజోరి కూడా మాతోపాటే లిఫ్టులో పట్టక మెట్ల మీదుగా మోయించుకుని వచ్చింది. దానిలో ఇప్పుడు అమ్మ మందులు, పాత దుప్పట్లు ఉంటాయి, దానికి తాళం వేయం. ఏటా దసరానాడు ట్రాక్టరన్న (ఇప్పుడు అతనికి కారుంది, దానినీ ఎవర్నీ నడపనివ్వడు) పెద్దమ్మను, వదినను తీసుకుని వస్తాడు. మొన్నటి దసరా పొద్దున నేను పేపరు చదువుకుంటుంటే, చూపు సరిగ్గా ఆనని మా అమ్మ తడుముకుంటూ తిజోరి దగ్గరికి వెళ్లి, ఆ ఇత్తడి రేకు మీద దెబ్బలకు అంటించే ప్లాస్టరు ముక్క ఒకటి జాగ్రత్తగా అంటించడం చూశాను. "ఏందమ్మా అది?" అన్నాను. "ఏం లేదు, దుమ్ము పడ్తదని" అంది. మధ్యాహ్నం పెద్దమ్మ వచ్చి, ఇప్పుడు ఎవరికీ భయపడకుండా, ఆ తలుపు నిండా పసుపు రాసి బొట్టు పెట్టింది. ప్లాస్టరు చూసింది, చూడనట్టే దానిమీద కూడా ఒక బొట్టు పెట్టింది. ఆ తరువాత సంచిలోంచి చిన్న సీసా తీసి అమ్మ చేతిలో పెట్టి, "గానుగ కాడ పట్టిచ్చిన కొబ్బరినూనె చెల్లె. నీ ప్రార్థనకు" అంది.

వాళ్లిద్దరూ అట్లా పక్కపక్కన కూర్చుని టీ తాగుతుంటే నాకు ఆ గుమాస్తా కుర్రాడు గుర్తొచ్చాడు. గొలుసుకు తాళంచెవి వేసుకుని, ఛాతీ మీద చల్లగా తగిలినప్పుడల్లా ఇంటికీ వీధికీ తనే కాపలా అనుకుని మురిసిపోయిన పిల్లాడు. వాడి మీద కోపం రాదు, పాపం అనిపిస్తుంది, కొంచెం ముద్దు కూడా వస్తాడు. ఆ తాళంచెవి ఎక్కడుందని వదిన అడిగింది, మనవలకు చూపించాలట. ఇల్లంతా వెతికాను. ఎప్పుడు, ఎక్కడ పెట్టానో నాకు గుర్తు లేదు.